వై-1 కేబుల్ మూడుసార్లు ఎందుకు కాలింది: గుంటూరు మిల్లులో ఒక కేసు

ఏప్రిల్ మూడో వారంలో ఫోన్ వచ్చింది. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో ఉన్న ఒక స్పిన్నింగ్ మిల్లు. మెయిన్ ప్యానెల్ ఇన్‌కమర్ (కరెంటు ప్యానెల్‌లోకి వచ్చే చోటు) దగ్గర వై ఫేజ్ లగ్, అంటే కేబుల్ చివర బిగించే లోహపు తొడుగు, కాలిందట, అదీ మూడోసారి. "లగ్ మార్చాం, బోల్టు మార్చాం, చివరికి కేబులే మార్చాం సార్. ఇరవై రోజులకి మళ్లీ అదే వాసన" అన్నారు మేనేజర్ గారు. నేను విజయవాడలో ఉంటాను. మర్నాడు పొద్దున్నే బయల్దేరి, కాజ టోల్‌గేట్ దాటి, ఎండ ముదరకముందే మిల్లుకి చేరాను.

కేసు పూర్తి వివరాలతో రాస్తున్నాను. ఈ తప్పు మన ప్రాంతంలో నేను చాలా చోట్ల చూశాను. తప్పు చేసినవాళ్లు పనిరానివాళ్లేం కాదు. పనిని ఎంతో శ్రద్ధగా, ముచ్చటగా చేసినవాళ్లే ఈ తప్పు చేస్తున్నారు.

ముందు ఏర్పాటు ఏమిటో చెబుతాను. 11 కేవీ సప్లై, 1000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) వైపు 433 వోల్టులు. ఫుల్ లోడ్‌లో 1333 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ప్యానెల్ దాకా 30 మీటర్ల ట్రెంచ్. అందులో ఆర్, వై, బి (ఎరుపు, పసుపు, నీలం) ఫేజుకి మూడు చొప్పున 400 స్క్వేర్ ఎంఎం సింగిల్ కోర్ అల్యూమినియం కేబుళ్లు, ఎక్స్‌ఎల్‌పీఈ ప్లాస్టిక్ ఇన్సులేషన్‌వి, ఆర్మర్ (లోహపు కవచం) లేనివి. వై ఫేజ్ మూడింటినీ వరుసగా వై-1, వై-2, వై-3 అంటాను, మిగతావీ అలాగే. న్యూట్రల్‌కి రెండు. నాలుగేళ్ల క్రితం వేసినవి. అప్పటినుంచి ఫిబ్రవరి దాకా లోడు 750 ఆంపియర్లు దాటలేదు. ఫిబ్రవరిలో కొత్త రింగ్ ఫ్రేములు (నూలు వడికే యంత్రాలు) కొన్ని వచ్చాయి, లోడు వెయ్యికి చేరింది. మార్చిలో మొదటి లగ్ కాలింది.

నేను వెళ్లేసరికి ప్యానెల్ వెనక తలుపు తీసి, ఎదురుగా పెడస్టల్ ఫ్యాన్ పెట్టి ఉంది. అది పరిష్కారం కాదని వాళ్లకీ తెలుసు. కానీ మూడు షిఫ్టులు నడిచే మిల్లు, ఆపితే దారం తెగుతుంది, ఆర్డరు పోతుంది. లోపల వై ఫేజ్ బస్‌బార్‌కి (కరెంటు పంచే లోహపు పట్టీకి) బిగించిన మూడు లగ్గుల్లో ఒకదాని స్లీవ్ నల్లబడి ముడుచుకుపోయింది. దాని కింద కేబుళ్లు దూరే గ్లాండ్ ప్లేటు మీద బూడిద రంగు పెయింటు, రంధ్రాల మధ్య మధ్యలో, గోధుమ రంగుకి తిరిగింది. ఈ రెండో గుర్తుని అప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు. లగ్ కాలిన సెగకే పెయింటు మారిందనుకున్నారు. కానీ మరక లగ్ కింద మాత్రమే లేదు. తొమ్మిది రంధ్రాల చుట్టూ ఉంది.

లగ్ మీద అనుమానం

మొదటి గంట నేను కూడా లగ్ మీదే పెట్టాను. అందరికీ మొదట వచ్చే అనుమానం అదే కదా: క్రింపింగ్ (లగ్‌ని కేబుల్ మీద నొక్కి బిగించడం) సరిగ్గా పడలేదు, బోల్టు లూజైంది, అల్యూమినియం లగ్‌కీ రాగి బస్‌బార్‌కీ మధ్య బైమెటాలిక్ (రెండు లోహాల) వాషర్ లేదు. వాషర్ ఉంది. క్రింపింగ్ గుర్తులు మూడు చోట్లా సరిగ్గా పడ్డాయి. ఫోర్‌మన్ టార్క్ రెంచ్‌తో బిగించి, పెయింట్ మార్కర్‌తో గీత కూడా గీశాడు. గీత అంగుళంలో వందో వంతు కూడా జరగలేదు.

అప్పుడు ఫోర్‌మన్‌ని ఒక ప్రశ్న అడిగాను. "ఈ మూడు కేబుళ్లలో ఏది ఎంత మోస్తోందో ఎప్పుడైనా చూశారా?" ఆయన మొహమాటంగా, "మీటర్లో వై ఫేజు వెయ్యి చూపిస్తోంది సార్. మూడుతో భాగిస్తే మూడొందల ముప్పైమూడు" అన్నాడు.

అందరూ చేసే లెక్క అదే. ఒకే పొడవు, ఒకే సైజు, ఒకే కంపెనీ, ఒకే డ్రమ్ము నుంచి కోసిన కేబుళ్లు. అన్నదమ్ముల పంపకంలాగా మూడు సమాన వాటాలు కావాలి. కాలేదు.

కేబుళ్లు ఒకదానికొకటి తగిలి ఉన్నాయి, మామూలు క్లాంప్ మీటర్ దవడ వాటి మధ్య దూరలేదు. నా దగ్గర చుట్టే రకం ఫ్లెక్సిబుల్ కాయిల్ ఉంది, దాన్ని ఒక్కో కేబుల్ చుట్టూ తిప్పి కొలిచాను. చేతికి గ్లవ్స్, మొహానికి షీల్డ్. ఆ ప్యానెల్ దగ్గర షార్ట్ సర్క్యూట్ అయితే 26,000 ఆంపియర్ల పైన వస్తుంది కాబట్టి అక్కడ తొందరపాటు పనికిరాదు. రీడింగులు ఇవి. ఆర్ ఫేజ్ వరుసగా 326, 308, 438. వై ఫేజ్ 562, 284, 331. బి ఫేజ్ 503, 272, 241.

కాలుతున్నది వై-1. దాని మీద 562 ఆంపియర్లు. పక్కనే ఉన్న వై-2 మీద అందులో సగం.

ఇక్కడే లగ్ నిర్దోషి అని తేలిపోయింది. బిగింపు వదులైతే ఆ దారిలో రెసిస్టెన్స్ పెరుగుతుంది. రెసిస్టెన్స్ పెరిగితే కరెంటు మిగతా రెండు కేబుళ్ల వైపు జరుగుతుంది. అంటే వదులైన లగ్ వేడెక్కినా, ఆ కేబుల్ మోసే కరెంటు తగ్గాలి. ఇక్కడ కాలుతున్న కేబులే అందరికంటే ఎక్కువ మోస్తోంది. ఎక్కువ మోస్తోంది కాబట్టే కాలుతోంది. పైగా రెండోసారి కేబులూ లగ్గూ కొత్తవి వేశారు, అవీ అదే చోట కాలాయి. అంటే జబ్బు కేబుల్‌లో లేదు, అది పడుకున్న చోటులో ఉంది.

ట్రెంచ్‌లో వేసవి వేడి, పక్కపక్కన తగిలి పడుకోవడం, పైన మూత, వీటన్నిటి వల్ల తగ్గేది తీసేస్తే ఆ కేబుల్ మోయగలదని నేను వేసుకున్న లెక్క 450 ఆంపియర్ల వరకు. ఫిబ్రవరి ముందు 750 లోడులో వై-1 మోసింది సుమారు 420. అందుకే నాలుగేళ్లూ గుట్టుగా గడిచిపోయింది.

లెక్క కుదరని కూడిక

రీడింగులు కాగితం మీద రాశాక ఒక ఇబ్బంది కనిపించింది. వై ఫేజ్ మూడూ కూడితే 1177. కానీ ప్యానెల్ మీటర్లో 998. ఆర్ ఫేజ్‌లో 1072 వస్తోంది, మీటర్లో 1004. బి ఫేజ్ మాత్రం 1016, దాదాపు సరిపోయింది. మొదట నా కాయిల్ మీదే అనుమానం వచ్చింది. పక్క కేబుళ్ల ఫీల్డ్ తగిలి ఎక్కువ చూపిస్తోందేమోనని, కాయిల్ జాయింటును కేబుళ్లకి దూరంగా తిప్పి మళ్లీ తీశాను. అంకెలు కొంచెమే మారాయి.

అప్పుడు కాయిల్‌ని మూడు వై కేబుళ్లకీ కలిపి ఒకేసారి చుట్టాను. 1001 చూపించింది. విడివిడిగా తీస్తే 1177, కలిపి తీస్తే 1001. రెండు రీడింగులూ నిజమే.

ఏసీలో కరెంటు సెకనుకి యాభైసార్లు పెరిగి తగ్గి తిరుగుతుంది. మూడు కేబుళ్లలో కరెంటు ఒకే క్షణంలో శిఖరానికి చేరితేనే మామూలు కూడిక పని చేస్తుంది. ఇక్కడ ఒకటి ముందు, ఒకటి వెనక చేరుతోంది. ఒకే ఫేజు, ఒకే బస్‌బార్, అయినా మూడు కేబుళ్ల మధ్య కోణం తేడా ఉంది. కేవలం రెసిస్టెన్స్ తేడా అయితే కోణం తేడా రాదు. ఇండక్టెన్స్, అంటే అయస్కాంత క్షేత్రం చేసే పని ఇందులో ఉందని ఆ ఒక్క కూడిక చెప్పేసింది. కేబుళ్లు సమాంతరంగా వేసిన చోట ఎవరైనా ఈ పరీక్ష చేసుకోవచ్చు. విడివిడి మొత్తం కలిపి తీసినదానికంటే బాగా ఎక్కువ వస్తే, కేబుళ్ల వరస చూడండి.

వరస చూడటానికి ట్రెంచ్ మీది చెకర్ ప్లేట్లు నాలుగు లేపించాను. ఎర్ర స్లీవ్ కేబుళ్లు మూడూ ఒకచోట, పసుపు మూడూ ఒకచోట, నీలం మూడూ ఒకచోట, చివర న్యూట్రల్ రెండూ. గీత గీసినట్టు, ఒక్క వంపు లేకుండా పడుకోబెట్టారు. ఫోర్‌మన్ నా వైపు చూసి, "ఇంత నీట్‌గా మా పక్క మిల్లులో కూడా లేదు సార్" అన్నాడు. నిజమే. రంగుల వారీగా అంత పొందికగా సర్దిన ఆ వరసే వై-1ని కాల్చింది.

తీగ చుట్టూ ఏముంది

1820లో డెన్మార్క్‌లో ఎర్‌స్టెడ్ కరెంటు పోతున్న తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదలడం గమనించాడు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో ఆంపియర్ రెండు తీగల్ని పక్కపక్కన పెట్టి, ఒకే దిశలో కరెంటు పోతే అవి దగ్గరకి లాక్కుంటాయని, ఎదురెదురు దిశల్లో పోతే నెట్టుకుంటాయని చూపించాడు. ఇంటర్ సెకండియర్‌లో మనమంతా చదివిన పాఠమే. తీగ చుట్టూ క్షేత్రం వలయాలుగా ఉంటుంది, దూరం రెట్టింపైతే సగమవుతుంది. వెయ్యి ఆంపియర్ల ఒంటరి తీగకి మీటరు దూరంలో 200 మైక్రో టెస్లాలు. మన ప్రాంతంలో భూమి క్షేత్రం 40 మైక్రో టెస్లాల చుట్టుపక్కల ఉంటుంది. అంటే దానికి ఐదు రెట్లు.

మిల్లులో ఒక కుర్రాడు హెల్పర్‌గా చేస్తున్నాడు, డిప్లొమా చదివాడు. "ఒకే దిశలో పోతే లాక్కుంటాయని చదివాం గానీ, లాక్కుంటే కరెంటు ఎందుకు తేడా వస్తుంది సార్?" అని అడిగాడు. మంచి ప్రశ్న. మధ్యాహ్నం భోజనాల తర్వాత వాడికి చూపించాను. క్యాంటీన్‌లో టిఫిన్ కట్టే అల్యూమినియం ఫాయిల్ నుంచి వేలెడు వెడల్పు, మూరెడు పొడవు ఉన్న రెండు ముక్కలు కత్తిరించి, ఒక అట్టపెట్టెకి పైనా కిందా టేపుతో అంటించాం. మధ్యలో కొంచెం వదులు, రెండింటి మధ్య అర అంగుళం ఖాళీ. జనరేటర్ పాత బ్యాటరీ నుంచి రెండు వైర్లు తీసి, రెండు ముక్కల్లోనూ కరెంటు పైనుంచి కిందకి పోయేలా ఒక్క క్షణం తగిలించాను. రెండు రేకులూ చటుక్కున ఒకదానివైపు ఒకటి వంగాయి. తర్వాత ఒకదాంట్లో కిందకి, రెండోదాంట్లో పైకి పోయేలా కలిపి తగిలించాను. విడిపోయి దూరం జరిగాయి. ఫాయిల్ వేడెక్కుతుంది కాబట్టి సెకను కంటే ఎక్కువ పట్టుకోకూడదు. కుర్రాడు పదిసార్లు చేసి చూశాడు.

రేకుల్ని లాగిందీ నెట్టిందీ వాటి చుట్టూ ఉన్న క్షేత్రమే. డీసీలో ఆ క్షేత్రం స్థిరంగా ఉంటుంది, కరెంటు పంపకంలో వేలు పెట్టదు. డీసీ అయితే ఈ మిల్లులో తొమ్మిది కేబుళ్లూ చక్కగా సమాన వాటాలు మోసేవి. ఏసీలో క్షేత్రం క్షణక్షణం మారుతుంది, మారే క్షేత్రం తీగలో ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. ఒక కేబుల్‌ని చుట్టుకున్న క్షేత్రం ఎంత ఎక్కువైతే దానికి ఎదురు వోల్టేజీ అంత ఎక్కువ, దానిలోకి కరెంటు అంత తక్కువ.

ఇప్పుడు వై-2 సంగతి చూడండి. అటు వై-1, ఇటు వై-3. రెండు పక్కలా తన ఫేజే, ముగ్గురి కరెంటూ దాదాపు ఒకే దిశలో. వాళ్ల క్షేత్రాలు దాని చుట్టూ ఒకదానికొకటి తోడవుతాయి. ఎదురు వోల్టేజీ ఎక్కువ, అందుకే 284 దగ్గర ఆగిపోయింది. వై-1కి మాత్రం ఒక పక్క ఆర్-3 ఉంది. ఫేజుల మధ్య 120 డిగ్రీల తేడా వల్ల, చక్రంలో ఎక్కువ భాగం వై-1లో కరెంటు అటు పోతుంటే ఆర్-3లో ఇటు వస్తుంటుంది. రెండింటి క్షేత్రాలూ బయట కొంత రద్దయిపోతాయి. ఎదురు వోల్టేజీ తగ్గుతుంది, కరెంటు ఆ సందులోకి తోసుకొస్తుంది. కాజ టోల్‌గేట్ దగ్గర లైన్లన్నీ ఒకే వెడల్పు. ఏ లైను ముందుకి కదులుతుంటే బండ్లన్నీ అటే తిరుగుతాయి. ఇదీ అంతే. ఆర్-3, వై-1, బి-1 మూడూ వేరే ఫేజుకి పొరుగున ఉన్నవే, ఎక్కువ మోస్తున్నదీ అవే.

వై-3 కూడా బి-1కి పొరుగే కదా, దాని మీద 331 మాత్రమే ఎందుకుంది అని కుర్రాడు పట్టుకున్నాడు. నాకు ఆ ప్రశ్నే అన్నిటికంటే నచ్చింది. అది ఫేజ్ సీక్వెన్స్ (మూడు ఫేజులూ ఒకదాని తర్వాత ఒకటి శిఖరానికి చేరే క్రమం) మహిమ. వై-1 మీద ఆర్ ప్రభావం, వై-3 మీద బి ప్రభావం సమానమే, కానీ కోణాలు ఎదురు. కేబుల్‌కి రెసిస్టెన్స్ కూడా ఉంది కాబట్టి ఆ కోణాలు పరిమాణం తేడాగా బయటపడతాయి. రాత్రి ఇంట్లో తొమ్మిది కేబుళ్ల సమీకరణాలు లాప్‌టాప్‌లో వేసి చూశాను. ఫేజ్ కరెంటులో వై మూడింటికి 55, 29, 32 శాతం వచ్చింది (కోణం తేడా వల్ల ఇక్కడా కూడితే వంద దాటుతుంది). కొలిచిన రీడింగులకి బాగా దగ్గర. సీక్వెన్స్ తిప్పి వేస్తే వై-1, వై-3 అంకెలు తారుమారయ్యాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎవరైనా రెండు ఫేజులు అటూ ఇటూ కలిపి ఉంటే ఈ మిల్లులో వై-3 కాలేది.

మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్ష), కంటిన్యూటీ (తీగ తెగలేదని చూసే పరీక్ష), పొడవు, ఇవేవీ ఈ జబ్బుని పట్టుకోలేవు. 400 స్క్వేర్ ఎంఎం అల్యూమినియానికి కిలోమీటరుకి 0.0778 ఓమ్ ఉంటుంది, 30 మీటర్లకి 2.3 మిల్లీ ఓమ్. తొమ్మిదికి తొమ్మిదీ అంతే ఉన్నాయి. నాలుగేళ్ల క్రితం హ్యాండోవర్ షీట్‌లో అన్నీ పాస్. కేబుల్ వారీగా కరెంటు రాసే గడే ఆ షీట్‌లో లేదు.

గ్లాండ్ ప్లేటు

గోధుమ రంగు మరకకి కారణం కూడా ఇదే క్షేత్రం, కానీ పని తీరు వేరు. గ్లాండ్ ప్లేటు 3 ఎంఎం ఇనుప రేకు. ఒక్కో కేబుల్‌కి ఒక్కో రంధ్రం. ఒక కేబుల్ చుట్టూ ఇనుము వలయంలా మూసుకుని ఉంటే, ఆ కేబుల్ క్షేత్రానికి అంతకంటే సులువైన దారి ఉండదు. క్షేత్రమంతా ఇనుములోకి దిగుతుంది. సెకనుకి యాభైసార్లు ఇటూ అటూ తిరిగే ఆ క్షేత్రం రేకులో ఎడ్డీ కరెంట్లు (సుడి తిరిగే కరెంట్లు) పుట్టిస్తుంది, ఇనుముని పదేపదే అయస్కాంతీకరించి వేడెక్కిస్తుంది. ఇండక్షన్ స్టవ్ మీద పెనం వేడెక్కే పద్ధతే ఇది.

రంధ్రాల మధ్య రేకు 94 డిగ్రీలు. పక్కనే చెవి పెడితే సన్నటి రొద. చేతిలో హాక్సా బ్లేడ్ పట్టుకుని ప్యానెల్ కింద కేబుళ్లకి జానెడు దూరంలో పెడితే బ్లేడ్ గజగజ వణికింది. ట్రెంచ్‌లోనూ ఒక్కో కేబుల్‌ని ఒక్కో ఇనుప సాడిల్‌తో (పట్టీ క్లిప్పుతో) బిగించారు. అదీ మూసిన ఇనుప వలయమే. సాడిల్ కింద కేబుల్ తొడుగు మీద ఉంగరంలా మచ్చలు పడ్డాయి.

ఉష్ణోగ్రత తీసేటప్పుడు ఒక జాగ్రత్త. నున్నగా మెరిసే అల్యూమినియం లగ్‌ని ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొడితే 58 చూపించింది. అది తప్పు. మెరిసే లోహం తన వేడిని సరిగ్గా వెదజల్లదు, చుట్టుపక్కల వేడిని అద్దంలా తిప్పి పంపుతుంది. టీ టైములో పది నిమిషాల షట్‌డౌన్ అడిగి, ప్రతి లగ్ మీదా చిన్న నల్ల టేపు ముక్క అంటించాం. లోడు మళ్లీ ఎక్కిన రెండు గంటలకి టేపు మీద కొలిస్తే వై-1 లగ్ 104 డిగ్రీలు. ఎక్స్‌ఎల్‌పీఈ కండక్టర్ నిరంతరం తట్టుకునేది 90 డిగ్రీలే. మెరిసే లగ్గుని నమ్మి "యాభై ఎనిమిదేగా" అని వదిలేసిన చోట్లు ఎన్నో ఉండి ఉంటాయి.

ఏం చేశాం

పాత కాంట్రాక్టరు ఫేజుకి నాలుగో కేబుల్ వేయమని కొటేషన్ ఇచ్చి ఉన్నాడు. దాన్ని ఆపమన్నాను. అదే గుంపు చివర ఇంకో పసుపు కేబుల్ చేర్చినా, ఆర్ పక్కనే ఉన్న వై-1 స్థానం మారదు, దాని భారం పెద్దగా తగ్గదు. ఉన్న కేబుళ్లు చాలు. వరస మార్చాలి.

ఒక ఎరుపు, ఒక పసుపు, ఒక నీలం. మూడింటినీ త్రికోణంగా, తగిలేలా కట్టాలి. దీన్ని ట్రెఫాయిల్ అంటాం. ఇలాంటివి మూడు కట్టలు. ఒక కట్టలో మూడు ఫేజుల కరెంట్లూ ఏ క్షణాన కూడినా సున్నా. కాబట్టి కాస్త దూరం నుంచి చూస్తే ఆ కట్ట చుట్టూ క్షేత్రం దాదాపు ఉండదు. పక్క కట్టకి ఇది ఉన్నట్టే తెలియదు. కట్టలోపల మూడు కేబుళ్లకీ పొరుగు ఒకేలా ఉంటుంది. అప్పుడు పంపకం దానంతటదే సమానమవుతుంది.

మే మొదటి ఆదివారం పొద్దున ఆరింటికి షట్‌డౌన్ తీసుకున్నాం. 11 కేవీ వైపు స్విచ్ తెరిచి, తాళం వేసి, తాళంచెవి ఫోర్‌మన్ జేబులో పెట్టి, రెండు వైపులా ఎర్త్ చేశాకే ట్రెంచ్‌లోకి దిగాం. కొత్త గ్లాండ్ ప్లేటు 6 ఎంఎం అల్యూమినియంది, ముందు రోజే విజయవాడ ఆటోనగర్‌లో కోయించి, రంధ్రాలు వేయించి తెచ్చాను. అల్యూమినియం అయస్కాంతానికి లొంగదు, క్షేత్రానికి ఆ సులువు దారి దొరకదు. అల్యూమినియం ప్లేటు దొరకని చోట ఇనుప ప్లేటులోనే రంధ్రం నుంచి రంధ్రానికి గాడి కోసి వలయాన్ని తెంపుతారు. తాత్కాలికానికి అదీ పని చేస్తుంది.

అసలు కష్టం చివర్లలో వచ్చింది. రంగుల వారీగా ఉన్నప్పుడు కేబుళ్లు తిన్నగా తమ బస్‌బార్‌కి వెళ్లేవి. ఇప్పుడు ప్రతి కట్టా విడిపోయి మూడు బస్‌బార్లకి చేరాలి. వాటిని విప్పే దూరం ఎంత తక్కువైతే అంత మంచిది. ఎక్కువ దూరం విడిగా నడిస్తే మళ్లీ పాత జబ్బే. రెండు నీలం కేబుళ్లు అరడుగు చాలలేదు. లాగి బిగించొద్దని చెప్పి, బస్‌బార్‌కి చిన్న రాగి లింకులు పొడిగించాం. న్యూట్రల్స్ రెండే ఉన్నాయి కాబట్టి రెండు కట్టలకి ఒక్కోటి ఆనించాం. మిల్లులో దాదాపు అంతా మోటార్లే. న్యూట్రల్‌లో 40 ఆంపియర్లు కూడా లేవు.

క్లాంపుల విషయంలో మేనేజర్ గారు, "నైలాన్ టైలు చాలవా?" అన్నారు. మామూలుగా నడిచేటప్పుడు చాలు. 333 ఆంపియర్ల రెండు కేబుళ్ల మధ్య బలం మీటరుకి వంద గ్రాముల బరువంత కూడా ఉండదు. బలం సూత్రం తేలికే. మీటరు దూరంలో ఉన్న రెండు తీగల్లో ఒక్కో ఆంపియర్ పోతే, మీటరు పొడవుకి న్యూటన్‌లో కోటోవంతులు రెండు. 1948 నుంచి 2019 మే 20 దాకా ప్రపంచమంతా ఆంపియర్‌కి ఇచ్చుకున్న నిర్వచనం ఇదే. కానీ ఈ బలం రెండు కరెంట్ల లబ్ధంతో పెరుగుతుంది. ఈ ట్రాన్స్‌ఫార్మర్‌కి 5 శాతం ఇంపిడెన్స్ (కరెంటుకి లోపలి అడ్డు). షార్ట్ సర్క్యూట్ అయితే 26,700 ఆంపియర్లు, మొదటి శిఖరం 50,000 దాటుతుంది. అది మూడు కట్టలకి పంచినా, తగిలి ఉన్న రెండు కేబుళ్ల మధ్య మీటరుకి సుమారు 2000 న్యూటన్లు, అంటే రెండు క్వింటాళ్ల బరువు, ఆ క్షణంలో వాటిని విడదీయాలని చూస్తుంది. నైలాన్ టైలు దారప్పోగుల్లా తెగిపోతాయి. 60 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున గట్టి ట్రెఫాయిల్ క్లాంపులు వేశాం. ఇనుప సాడిల్స్ అన్నీ పీకించేశాను.

సాయంత్రం ఏడున్నరకి లోడు ఎక్కించడం మొదలుపెట్టి, రాత్రి షిఫ్టుకి పూర్తి లోడు తెచ్చాం. పది గంటలకి రీడింగులు. ఆర్ ఫేజ్ 341, 329, 336. వై 345, 322, 334. బి 327, 347, 331. వై మూడూ కూడితే 1001, కలిపి చుట్టితే 999. కూడిక కుదిరింది. ఆ అంకె చూశాకే నేను కూర్చున్నాను.

వై-1 లగ్ 67 డిగ్రీలు, గ్లాండ్ ప్లేటు 49. హాక్సా బ్లేడ్ కుర్రాడే పట్టుకుని చూశాడు, జానెడు దూరంలో వణుకు చేతికి తెలియలేదు. పెడస్టల్ ఫ్యాన్‌ని క్యాంటీన్‌కి పంపేశారు.

కరెంటు ఆదా గురించి కూడా అడిగారు. కేబుళ్లలో నష్టం కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, అదే వెయ్యి ఆంపియర్లు అసమానంగా పంచుకుంటే మొత్తం నష్టం ఎక్కువే. నా లెక్కలో తొమ్మిది కేబుళ్లకి కలిపి దాదాపు 0.8 కిలోవాట్ తగ్గింది, రోజుకి ఇరవై యూనిట్లు. సంతోషమే గానీ, ఈ పని దానికోసం చేసింది కాదు. 104 డిగ్రీల మీద రోజూ ఉడికే ఇన్సులేషన్ ఎప్పటికో ఒకప్పటికి చీలుతుంది. పత్తి దుమ్ము ఎగిరే మిల్లులో అది జరిగితే ఏమవుతుందో ఆ దారిలో అందరికీ తెలుసు.

జూన్ చివర్లో మళ్లీ వెళ్లాను. లోడు 1060కి పెరిగింది, అత్యధికంగా మోస్తున్న కేబుల్ మీద 368. ఫోర్‌మన్ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో తొమ్మిది గళ్లు గీసి, ప్రతి సోమవారం తీసిన రీడింగులు రాసి ఉంచాడు. ఇలా రాయమని నేనేమీ చెప్పలేదు. చివర పదో గడి కూడా ఉంది, మూడూ కలిపి చుట్టిన రీడింగుకి.

ఆ నోట్‌బుక్ మూసి, ఆయన నన్ను జనరేటర్ గదికి తీసుకెళ్లాడు. 750 కేవీఏ సెట్. అక్కడి ట్రెంచ్ మూత తనే లేపి చూపించాడు. ఎరుపు రెండూ ఒకచోట, పసుపు రెండూ ఒకచోట, నీలం రెండూ ఒకచోట. జనరేటర్ వారానికి గంట కూడా నడవదు కాబట్టి ఇంకా ఏదీ కాలలేదు. క్లాంపులు తెప్పించి స్టోర్‌లో పెట్టారు. వచ్చే షట్‌డౌన్ దసరాకి.